తెరమీది ఫేడర్: కంటికి గీశారు, చెవిని మరిచారు

వెబ్ పేజీలో పాట పెట్టుకుని వాల్యూమ్ స్లయిడర్‌ని పైనుంచి సగానికి దించి చూడండి. చాలాచోట్ల శబ్దం కాస్త తగ్గినట్టు ఉంటుందే తప్ప సగమైనట్టు ఉండదు. ఇంకా దించుతూ పోతే, అడుగున గోరంత దూరంలో, పాట ఉన్నట్టుండి మాయమైపోతుంది. పాతబడ్డ కుళాయి కూడా ఇలాగే చేస్తుంది: ఎన్ని చుట్లు తిప్పినా ధార తగ్గదు, ఆఖరి పావు చుట్టులో టక్కున ఆగిపోతుంది. కుళాయికైతే వాషర్ అరిగిందని సర్దుకుంటాం. స్లయిడర్‌లో అరిగేదేమీ లేదు. దాన్ని రాసినాయన పిడి ఉన్న ఎత్తునే తీసుకెళ్ళి శబ్దానికి గుణకంగా పెట్టేశాడు. చెవి ఆ లెక్కన వినదు.

ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్లయిడర్లు, ఫేడర్లు ఎలా ఉండాలన్న ప్రశ్న చూడటానికి చిన్నది. మూడు దశాబ్దాలుగా దాని మీద వాదనలు మాత్రం ఆగలేదు. పిడి కదిలిన దూరానికీ వినిపించే మార్పుకీ లంకె ఏమిటి, మౌస్‌తో పట్టుకున్నప్పుడు అది ఎలా ప్రవర్తించాలి, చూపుకి ఎలా ఉండాలి, చూడలేనివాళ్ళూ లాగలేనివాళ్ళూ దాన్ని ఎలా వాడాలి? చర్చంతా ఈ ప్రశ్నల చుట్టే తిరుగుతుంది. ఎక్కువ సిరా ఖర్చయింది చూపు గురించే. ఫేడర్ బాగోగులు తేల్చేది మాత్రం మొదటి రెండు ప్రశ్నలేనని నా అభిప్రాయం. అందుకే ఈ సమీక్షలో వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పది వేళ్ళ నుంచి ఒక బాణం గుర్తుకి

రేడియో కేంద్రాల్లోనూ రికార్డింగు స్టూడియోల్లోనూ మొదట ఎక్కువగా ఉన్నవి గుండ్రటి నాబ్‌లు. ఒక నాబ్ తిప్పడానికి ఒక చెయ్యి కావాలి. రెండు చేతులున్న మనిషి ఒకేసారి రెండు శబ్దాలను మించి సరిచేయలేడు. ఈ ఇబ్బందిని తొలగించినవాళ్ళలో అట్లాంటిక్ రికార్డ్స్ ఇంజనీరు టామ్ డౌడ్ పేరు ముందు వినిపిస్తుంది. 1950ల చివర ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం చేతికొచ్చాక ఆయన నిలువుగా జారే పిడుల వైపు మళ్ళాడు. పక్కపక్కన బిగించిన పిడుల మీద అయిదు వేళ్ళూ అయిదు వాద్యాలను ఒకేసారి నడపగలవు. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. వరుసగా ఉన్న ఫేడర్లను ఒక్కసారి చూస్తే మిక్స్ మొత్తం ఆకారం కంటికి ఆనుతుంది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని ఇరవై నాబ్‌లను ఒక్కొక్కటిగా చదవనక్కర్లేదు.

ఆ తర్వాత పెద్ద కన్సోళ్ళలో 100 మిల్లీమీటర్ల ప్రయాణం ఉన్న ఫేడర్ ప్రమాణంగా స్థిరపడింది. చిన్న మిక్సర్లలో అది 60కి తగ్గింది. పైకి తోస్తే శబ్దం పెరగాలన్నది కూడా అందరూ ఒప్పుకున్న సంగతేమీ కాదు. బీబీసీ కన్సోళ్ళలో చాలాకాలం ఫేడర్‌ని తమవైపు లాక్కుంటే శబ్దం తెరుచుకునేది. చొక్కా చేయో కాగితాల కట్టో పొరపాటున తగిలి పిడి ముందుకు జరిగితే ప్రసారం మూసుకోవాలే కానీ తెరుచుకోకూడదన్నది దానికి చెప్పే కారణం. అలవాటు ముందా, సహజత్వం ముందా అనే వాదన వచ్చినప్పుడల్లా ఈ ఉదాహరణ గుర్తుచేసుకోవాలి. మనం సహజం అనుకునేవాటిలో చాలా భాగం ఎవరో ఒకరు ఒక కారణంతో అలవాటు చేసినవే.

1970ల చివర్లో నీవ్ కంపెనీ నెకామ్ పద్ధతితో ఫేడర్లకి మోటార్లు తగిలించింది. ఇంజనీరు చేసిన కదలికలను యంత్రం గుర్తుపెట్టుకుని తనే పిడులను నడిపేది. 1991లో ప్రో టూల్స్ వచ్చింది. కంప్యూటరు తెరమీద మిక్సర్ గీయడం మెల్లగా మామూలైపోయింది. బొమ్మ మాత్రం కన్సోల్‌దే. పోయింది పది వేళ్ళు. తెరమీద ఉన్నది ఒకే ఒక్క బాణం గుర్తు, అది ఒకసారి ఒక్క పిడినే పట్టుకోగలదు. పైగా 100 మిల్లీమీటర్ల గాడి కాస్తా తెరమీద ఓ 200 పిక్సెళ్ళకి కుదించుకుపోయింది. తర్వాత వచ్చిన సమస్యల్లో సగానికి ఈ రెండు నష్టాలే మూలం.

గాడిని ఎవరికి ఎంత పంచాలి

200 పిక్సెళ్ళ గాడితో లెక్క వేద్దాం. పిడి ఎత్తునే గుణకంగా తీసుకుంటే అంచు నుంచి ఒక్క పిక్సెల్ దించినప్పుడు తగ్గేది 0.04 డెసిబెల్. ఏ చెవికీ అందని మార్పు అది. సగానికి దించితే తగ్గేది 6 డెసిబెళ్ళు. వినేవాళ్ళకి శబ్దం సగమైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్ళు తగ్గాలి. పదో వంతుకి దించితే మైనస్ 20, అంటే గాడిలో తొంభై శాతం 20 డెసిబెళ్ళకే ఖర్చయిపోయింది. ఇక అడుగున చూడండి. రెండో పిక్సెల్ దగ్గర మైనస్ 40, ఒకటో పిక్సెల్ దగ్గర మైనస్ 46, ఆ కింద నిశ్శబ్దం. పైన పిక్సెల్ కదిపితే ఏమీ జరగదు, కింద పిక్సెల్ కదిపితే 6 డెసిబెళ్ళు ఎగురుతుంది. ఇంద్రియాల గ్రహణశక్తిని కొలిచిన వేబర్, ఫెక్నర్ కాలం నుంచీ తెలిసిన విషయమే ఇది: మన ఇంద్రియాలు తేడాలను నిష్పత్తుల్లో పట్టుకుంటాయి, కూడికల్లో కాదు.

హార్డ్‌వేర్ వాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. కోఠీ గుజరాతీ గల్లీలో వాల్యూమ్ కంట్రోల్ కొనబోతే లాగ్ కావాలా, లీనియర్ కావాలా అని అడుగుతారు. దాని మీద ఏ అని ఉంటే సాధారణంగా లాగ్, బీ అని ఉంటే లీనియర్. వాల్యూమ్‌కి లాగ్ వేయాలని ఆంప్లిఫయర్ బాగుచేసే కుర్రాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లీనియర్ వేస్తే మొదటి పావు తిప్పులోనే మైకు అరుస్తుందని వాడికి అనుభవం. అదే జ్ఞానం కోడ్‌లోకి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో దొరికే జవాబులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే సులువైనది ఘనం చేయడం: పిడి ఎత్తుని దానితోనే మరో రెండుసార్లు గుణిస్తే సగం దగ్గర మైనస్ 18 డెసిబెళ్ళు వస్తాయి. లినక్స్‌లో పల్స్ ఆడియో చేసేది ఇదే. మిడి వాద్యాలకి జనరల్ మిడి సూచించిన సూత్రం వర్గానికి సమానం. వాల్యూమ్ విలువ 64 అయితే సుమారు మైనస్ 12 డెసిబెళ్ళు. పాట వినే యాప్‌కి ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది. ఒక్క వరుస కోడ్ పని. అది కూడా చేయని యాప్‌లను ఏ పొగడ్తతోనూ కాపాడలేం.

మిక్సింగ్‌కి మాత్రం ఒక్క వరుస చాలదు. ఇంజనీరు చేతికి ఎక్కువ పని ఉండేది సున్నా డెసిబెళ్ళ చుట్టుపక్కల. పాటలో గొంతు అర డెసిబెల్ పెంచాలా, తబలా ఒక డెసిబెల్ తగ్గించాలా అనే తర్జనభర్జన అంతా అక్కడే. మైనస్ 50 దగ్గర ఎవరూ అర డెసిబెల్ కోసం తంటాలు పడరు. కాబట్టి గాడిని పని జరిగే చోటికి ఎక్కువగా, జరగని చోటికి తక్కువగా పంచాలి. ఈ పంపకానికి నాకు తెలిసిన చక్కటి నమూనా బెరింజర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్‌లో ఉంది. పైసగం గాడి మొత్తం ప్లస్ 10 నుంచి మైనస్ 10 దాకా. దాని కింది పావు మైనస్ 10 నుంచి మైనస్ 30 దాకా. ఆ తర్వాతి ముప్పావు పావు, అంటే పదహారింట మూడొంతులు, మైనస్ 30 నుంచి మైనస్ 60కి. అడుగున మిగిలిన పదహారో వంతులో మైనస్ 60 నుంచి మైనస్ 90 దాకా ముప్పై డెసిబెళ్ళు కుక్కేసి, ఆ కింద పూర్తి నిశ్శబ్దం. నాలుగు సరళరేఖలు, అంతే. సున్నా సరిగ్గా గాడిలో ముప్పావు ఎత్తున పడుతుంది. చేయి అలవాటుపడ్డ పాత కన్సోళ్ళ గుర్తులకి ఇది దగ్గరగా ఉంది, పైగా లెక్క ఎవరైనా రాసుకోగలిగినంత సులువు.

పైకొస ఎక్కడ ఆగాలన్నదానిలో సాఫ్ట్‌వేర్లు ఏకీభవించవు. లాజిక్, ఏబుల్టన్ లైవ్ ఫేడర్లు ప్లస్ 6 దగ్గర ఆగుతాయి. ప్రో టూల్స్ ప్లస్ 12 దాకా వెళ్తుంది. ఎక్కువ ఇస్తే ఉదారంగానే కనిపిస్తుంది కానీ సున్నా చుట్టూ ఉన్న చోటు ఆ మేరకు తరుగుతుంది. శబ్దం చాలకపోతే పెంచడానికి వేరే గెయిన్ ఎలాగూ ఉంటుంది. నా ఓటు ప్లస్ 6కే. కింది కొస విషయంలో మాత్రం రాజీ లేదు. అడుగు అంటే నిశ్శబ్దమే కావాలి. కొన్ని ప్లగిన్లలో పిడి అడుగంటినా మైనస్ 60 దగ్గర సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. ఫేడర్ మూసేశాననుకున్న మనిషికి అది ద్రోహం.

శబ్ద తీవ్రత ఒక్కటే కాదు, ఫ్రీక్వెన్సీ స్లయిడర్లలో ఇంతకంటే ఘోరాలు కనిపిస్తాయి. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ గాడిని సమానంగా పంచితే 200 పిక్సెళ్ళలో ఒక్కోదానికి సుమారు 100 హెర్ట్జ్ వస్తాయి. 20 నుంచి 120 దాకా ఉన్న బేస్ ప్రపంచమంతా మొదటి పిక్సెల్‌లో అణిగిపోతుంది. గాడి నడుమ 10,000 హెర్ట్జ్ పడుతుంది, పాటలో అసలు సంగీతం అంతా కింది నాలుగో వంతులో ఇరుక్కుంటుంది. లాగరిథమ్ ప్రకారం పంచితే నడుమ సుమారు 632 హెర్ట్జ్ వస్తుంది, ప్రతి ఆక్టేవ్‌కీ సమానమైన చోటు దొరుకుతుంది. కంప్రెసర్ అటాక్, రిలీజ్ లాంటి సమయాలకీ దాదాపు ఇదే న్యాయం. ప్యాన్‌కి మాత్రం సమాన పంపకమే చాలు, నడుమ కొంచెం పట్టు ఉంటే మంచిది. జ్యూస్ లాంటి లైబ్రరీల్లో స్లయిడర్‌కి వంపు పెట్టే సౌకర్యం తయారుగానే ఉంది: నడుమ ఏ విలువ రావాలో చెబితే మిగతాది అదే సర్దుతుంది. వీఎస్‌టీ ప్లగిన్ ప్రమాణంలో ప్రతి విలువా 0 నుంచి 1 మధ్యే హోస్ట్‌కి, అంటే ప్లగిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, వెళ్తుంది కాబట్టి ఆ వంపు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సింది ప్లగిన్ రాసినవాళ్ళే. మరొకరి మీద తోయడానికి లేదు.

మెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1983 నాటి మిడి కంట్రోలర్‌కి 128 మెట్లు. వాల్యూమ్‌కి ఎలాగో నెట్టుకురావచ్చు. ఫిల్టర్‌కి పెడితే పది ఆక్టేవ్‌లు, అంటే 120 స్వరస్థానాలు, 127 అడుగుల్లో నడవాలి. ఒక్కో అడుగుకీ దాదాపు ఒక స్వరస్థానం జరుగుతుంది. మెల్లగా తిప్పితే మెట్లెక్కుతున్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది. రెండు సందేశాలు కలిపి 16,384 మెట్లు చేసుకునే వీలు మిడిలో మొదటి నుంచీ ఉంది, వాడినవాళ్ళు తక్కువ. 2020లో వచ్చిన మిడి 2.0 ఈ చిక్కుని 32 బిట్లతో తీర్చింది. విలువ చటుక్కున మారినప్పుడు జిప్పు లాగినట్టు వినిపించే చిటపట వేరే రోగం. దాని మందు తెరమీద లేదు, లోపలి లెక్కలో ఉంది: కొత్త విలువకి ఒక్కసారిగా దూకకుండా కొన్ని మిల్లీసెకన్ల పాటు జారుతూ చేరాలి. వెబ్‌లో ఇంకా మొరటు పొరపాటు ఒకటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ రేంజ్ స్లయిడర్‌కి అడుగు కొలత చెప్పకపోతే 1 అని తీసుకుంటుంది. 0 నుంచి 1 వరకూ వాల్యూమ్ పెట్టి అడుగు చెప్పడం మరిస్తే పిడికి రెండే స్థానాలు మిగులుతాయి: మూగ, లేదా గావుకేక.

పట్టుకోగానే ఎగరకూడదు

వీడియోలో గాడి మీద ఎక్కడ నొక్కితే అక్కడికి బొమ్మ దూకాలని కోరుకుంటాం. అదే అలవాటుని ఫేడర్‌కి అంటించడం ఆడియో సాఫ్ట్‌వేర్‌లో నేను చూసే అతి పెద్ద తప్పు. కచేరీ నడుస్తుండగా మైనస్ 20 దగ్గరున్న మైకు ఫేడర్‌ని పట్టుకోబోయి కాస్త పైన నొక్కితే అది సున్నాకి ఎగురుతుంది. మైకు కీచుమంటుంది, సభ చెవులు మూసుకుంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళకైతే నవ్వుకునే విషయం కూడా కాదు.

స్టైన్‌బర్గ్ క్యూబేస్ ఈ విషయంలో వాడేవాళ్ళ చేతికే తాళం ఇచ్చింది. దాని సెట్టింగుల్లో స్లయిడర్‌కి నాలుగు తీర్లున్నాయి. జంప్ అంటే నొక్కిన చోటికి దూకడం. టచ్ అంటే పిడిని పట్టుకుంటేనే కదలడం. ర్యాంప్ అంటే నొక్కిన చోటికి నెమ్మదిగా జారుతూ వెళ్ళడం. రిలేటివ్ అంటే ఎక్కడ నొక్కినా పిడి ఉన్నచోటే ఉండి, చెయ్యి కదిలినంత మేరకే తనూ కదలడం. నన్నడిగితే ఫేడర్‌కి రిలేటివ్ ముందుగానే పెట్టి ఉంచాలి. టచ్ రెండోది. పాల్ ఫిట్స్ 1954లో తేల్చిన సూత్రం ప్రకారం గురి చిన్నదైన కొద్దీ చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. పిడినే గురిచూసి పట్టుకోమంటే పన్నెండు పిక్సెళ్ళ మీద కళ్ళు పెట్టాలి. రిలేటివ్‌లో గాడి మొత్తం గురే. కళ్ళు మీటర్ మీదో ఆర్టిస్టు మీదో ఉండొచ్చు.

చెయ్యి కదలికని సన్నం చేసే ఏర్పాటు లేని ఫేడర్ సగం ఫేడరే. ఏదో ఒక కీ నొక్కిపట్టి లాగితే పిడి పదో వంతు వేగంతో కదలాలి. పేరున్న చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది ఉంది, కానీ ఏ కీ అన్నదాంట్లో ఎవరి దారి వాళ్ళది. ఒకచోట షిఫ్ట్, ఇంకోచోట కంట్రోల్, మరోచోట కమాండ్. రెండు సాఫ్ట్‌వేర్లు వాడే ఇంజనీరుకి ఈ తికమక నిత్యకృత్యం. ఇలాంటివి కలిసి కూర్చుని తేల్చుకోకపోవడానికి నాకు ఏ మంచి కారణమూ తోచదు. రెండుసార్లు నొక్కితే మామూలు విలువకి రావడం, అంకె మీద నొక్కి నేరుగా టైపు చేయడం కూడా ఉండి తీరాలి. అంకె తెలిసిన మనిషి చేత లాగించడం వేళాకోళం. మౌస్ చక్రానికి మాత్రం జాగ్రత్త అవసరం. పేజీని కిందికి జరపబోతే మధ్యలో ఉన్న ఫేడర్ మారిపోవడం చాలామందికి తెలియకుండా జరిగిపోయే ప్రమాదం.

తెరమీది నాబ్ అసలు సహజమైనదేనా? చేత్తో తిప్పే వస్తువుని మౌస్‌తో గుండ్రంగా తిప్పమంటే మణికట్టు ఒప్పుకోదు. అందుకే ఇప్పుడు చాలా ప్లగిన్లలో నాబ్ బొమ్మని పట్టుకుని నిలువుగా లాగుతాం. అంటే అది నాబ్ వేషం వేసిన స్లయిడర్. చోటు తక్కువున్నప్పుడు ఈ వేషం క్షమించదగ్గదే. 1999లో ఆపిల్ క్విక్‌టైమ్ 4 ప్లేయర్‌లో వాల్యూమ్‌ని బొటనవేలితో తిప్పే చక్రంగా గీశారు. చిన్న రేడియో అంచున ఉండే చక్రం లాంటిది. మౌస్‌కి బొటనవేలు లేదన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు కాబోలు. ఆనాటి వాడుక నిపుణులు దాన్ని ఏకిపారేశారు, తర్వాతి వెర్షన్లలో స్లయిడర్ తిరిగొచ్చింది. 2017లో ప్రోగ్రామర్లు కొందరు అతి చెత్త వాల్యూమ్ కంట్రోల్ ఎవరు చేస్తారని సరదాగా పోటీపడ్డారు. ఒడిసెలలాంటి రకరకాల వింతలు వచ్చాయి. అవి చూసి నవ్వినవాళ్ళలో కొందరు తమ ఉద్యోగాల్లో నిజంగా అమ్మే సాఫ్ట్‌వేర్‌కి వాటికంటే పెద్దగా మెరుగైనవి రాయలేదని నా అనుమానం.

తెరమీది ఫేడర్‌కి చేతి కింది హార్డ్‌వేర్ ఫేడర్ జతైనప్పుడు ఇంకో ముడి పడుతుంది. తెరమీద మైనస్ 5, చేతి కింద పిడి అడుగున. కదపగానే ఏమవ్వాలి? ఏబుల్టన్ లైవ్‌లో ఇందుకు మూడు మార్గాలున్నాయి: వెంటనే దూకడం, చేతిపిడి తెరమీది విలువని దాటే వరకూ ఆగడం, రెండిటి మధ్య దూరాన్ని క్రమంగా సర్దుకోవడం. మోటారు ఫేడర్లకి ఈ బాధ లేదు, ధరే బాధ.

వినియోగదారుడికి కనిపించని మర్యాద కూడా ఒకటుంది. వీఎస్‌టీలో పిడిని పట్టుకున్నామని ఒక సందేశం, కదుపుతున్నామని ఒకటి, వదిలామని ఒకటి హోస్ట్‌కి వెళ్ళాలి. ఆటోమేషన్ టచ్ పద్ధతిలో చెయ్యి ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది అన్నది హోస్ట్‌కి తెలిసేది దీంతోనే. వదిలామన్న సందేశం పంపడం మరిచిన ప్లగిన్ ముందు రాసిన ఆటోమేషన్‌ని పాట చివరిదాకా చెరిపేస్తూ పోతుంది. అలాగే ఒక్కసారి లాగిన లాగుడంతా అన్‌డూలో ఒకే అడుగు కావాలి. నలభై సార్లు వెనక్కి నొక్కించే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి.

వేలు, చూపు

2005లో తాకితే పలికే తెర జాజ్‌మ్యూటంట్ లెముర్ వచ్చినప్పుడు, 2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు, పోయిన వేళ్ళు తిరిగొచ్చాయని సంగీతకారులు సంబరపడ్డారు. నిజమే, ఒకేసారి అయిదు ఫేడర్లు మళ్ళీ కదిలాయి. అయితే గాజు మీద గాడి చేతికి తగలదు కాబట్టి కళ్ళు తిప్పుకుంటే వేలు దారి తప్పుతుంది. పట్టుకున్న పిడి వేలి కిందే దాక్కుంటుంది. అంకెని వేలికి పైన, కాస్త ఎడంగా చూపించాలి. ఆపిల్ సూచించే 44 పాయింట్ల కనీస వెడల్పు ఫేడర్‌కి అతిశయం కాదు. ఐఫోన్ పాటల ప్లేయర్లో ఒకప్పుడు ఉన్న ఏర్పాటు నాకు ఇప్పటికీ నచ్చుతుంది: గాడి మీద వేలు పెట్టి, గాడికి దూరంగా జరిపిన కొద్దీ కదలిక సన్నబడుతుంది. కీ అక్కర్లేకుండానే సన్నటి సవరణ దొరికింది. ఫేడర్లకి దీన్ని అరువు తెచ్చుకున్నవాళ్ళు చాలా తక్కువ.

ఇక అందాల సంగతి. 2000లో వచ్చిన రీజన్ సాఫ్ట్‌వేర్ మరలతో సహా ఇనుప రాక్‌ని తెరమీదికి తెచ్చింది. ట్యాబ్ కీ నొక్కితే రాక్ వెనక్కి తిరిగి కేబుళ్ళు ఊగుతూ కనిపిస్తాయి. మరుసటి ఏడే వచ్చిన ఏబుల్టన్ లైవ్ మరలనీ మెరుపుల్నీ వదిలేసి చదునైన గళ్ళు పెట్టింది. ఏది గొప్ప అని ఇరవై ఏళ్ళు తగువులాడారు. రెండూ బతికాయి, రెండిటితోనూ మంచి పాటలు వచ్చాయి. ఇంతకంటే పనికొచ్చే విషయం ఫేడర్ పక్కనుండే మీటర్. ఫేడర్ గుర్తులు ఒక లెక్కలో, మీటర్ గుర్తులు ఇంకో లెక్కలో గీసి పక్కపక్కన పెడితే ఫేడర్ మైనస్ 10 ఒక ఎత్తులోనూ మీటర్ మైనస్ 10 ఇంకో ఎత్తులోనూ పడుతుంది. చూపు ప్రతిసారీ తడబడుతుంది. రెండూ ఒకే కొలబద్ద పంచుకోలేకపోతే కనీసం ఏ అంకెలు దేనివో తెలిసేలా వేరుగా రాయాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు కొద్దిమందేం కాదు. శబ్దం హద్దు దాటి క్లిప్ అయిన సంగతి రంగుతో పాటు ఒక గుర్తుతో కూడా చెప్పాలి.

చూడకుండా, లాగకుండా

చూపు లేని సంగీతకారులూ ఇంజనీర్లూ ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్ళలో చాలామంది రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ వాడతారు. ఒసారా అనే ఉచిత పొడిగింపు దాన్ని స్క్రీన్ రీడర్‌తో మాట్లాడిస్తుంది. పెద్ద కంపెనీలు చేయాల్సిన పని వాడేవాళ్ళే చేసుకున్నారు. వెబ్‌లో స్లయిడర్ ఎలా ఉండాలో వాయ్-ఏరియా ప్రమాణం స్పష్టంగానే చెప్పింది: బాణం కీలతో ఒక అడుగు, పేజ్ అప్, పేజ్ డౌన్‌తో పెద్ద అడుగు, హోమ్, ఎండ్‌తో కొసలు. లోపలి అంకె ఒకటి, చదివి వినిపించాల్సిన మాట ఇంకొకటి. చాలామంది రెండోది ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు స్క్రీన్ రీడర్ సున్నా దశాంశం ఏడు సున్నా ఏడు తొమ్మిది అని చదువుతుంది. దాని అర్థం మైనస్ మూడు డెసిబెళ్ళు. ఈస్పీక్ లాంటి ఉచిత గొంతులు తెలుగు పలుకుతున్న ఈ రోజుల్లో ఆ మాటని తెలుగులో పెట్టడానికి ప్రత్యేకమైన సాంకేతికత ఏమీ అక్కర్లేదు, ఒక వాక్యం రాస్తే చాలు.

2023 అక్టోబరులో వచ్చిన వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూకాగ్ 2.2 ఇంకో నియమం చేర్చింది. లాగడం ద్వారా జరిగే పని ఏదైనా లాగకుండా కూడా చేయగలగాలి. చేతులు వణికేవాళ్ళకి ఇది ఎంతో అవసరం. దీన్ని చదివి, గాడి మీద నొక్కితే అక్కడికి దూకేలా పెడితే నియమం తీరిపోతుందని కొందరు తేల్చుకుంటారు. తీరుతుంది, కానీ ఇందాక చెప్పిన కీచుశబ్దం తిరిగొస్తుంది. ఆడియోకి సరైన దారి వేరే ఉంది: ఫేడర్ పైనా కిందా అర డెసిబెల్ పెంచే, తగ్గించే బొత్తాలు, అంకె టైపు చేసే గడి. దూకడమే కావాలంటే జారుతూ వెళ్ళే ర్యాంప్. నియమమూ నిలుస్తుంది, చెవీ నిలుస్తుంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో అమెరికాలోనో కూర్చుని కొత్తగా పాడ్‌కాస్ట్ యాప్‌లు, ప్లగిన్లు రాస్తున్న తెలుగు కుర్రకారుకి ఒక విన్నపం. రంగులు ఎంచుకోకముందే, ఇంకా ఖాళీ గీతగా ఉన్నప్పుడే, కళ్ళు మూసుకుని మీ స్లయిడర్‌ని అడుగు నుంచి అంచు దాకా ఒకే వేగంతో లాగించి వినండి. శబ్దం ఎక్కడ ఎగిరితే, ఎక్కడ నిలిచిపోతే అక్కడి లెక్క మార్చండి. బొమ్మ ఆ తర్వాత గీయండి.